ఖాళీ మంచం కూడా ఒప్పుకుంది

ఏదీ, ఆ ముక్క ఇంకోసారి చదువు. కన్విన్స్. ఒప్పించుట, నమ్మించుట, మనసు మార్చుట. ఊఁ. కింద ఉదాహరణలు కూడా ఉన్నాయన్నావుగా, అవీ చదువు, నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో దానికే తెలియాలి. "దుకాణదారు కొనడానికి వచ్చినవాణ్ణి కన్విన్స్ చేశాడు." "డాక్టరు రోగిని కన్విన్స్ చేశాడు." "మేనేజరు కార్మికులను కన్విన్స్ చేశాడు." చాలు తల్లీ, ఆపు, నాకు బీపీ పెరుగుతోంది. మూడింట్లోనూ చేసినవాడే ఉన్నాడు. చేయించుకున్నవాడు ఏమన్నాడో ఒక్కదాంట్లో అయినా ఉందా? బట్టలు ఇస్త్రీ చేశాడు, గిన్నెలు తోమాడు, రోగిని కన్విన్స్ చేశాడు. నీ కొత్త ఉద్యోగం ఇదేనా? ఆస్పత్రిలో జనాన్ని ఆపరేషన్‌కి ఒప్పించే ఉద్యోగం, దానికి వారం రోజుల ట్రైనింగు, ఏసీ గది, మధ్యాహ్నం బిస్కెట్లు, చేతికి ఈ పుస్తకం. రేపు క్లాసులో నిలబడి ఈ మాట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, నీకేమన్నా తెలుసా అమ్మమ్మా అంటున్నావు. నాకేం తెలుస్తుంది, ముప్ఫై ఆరేళ్లు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికినదాన్ని. భూగోళానికి ఏడు చుట్లు చుట్టేన్ని దుప్పట్లు ఉతికాను. కానీ ఈ మాట ఒక మనిషిని ఏం చేసిందో మాత్రం తెలుసు. అలా కాలు మీద కాలేసుకుని కాదు, ఇలా వచ్చి మంచం మీద కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు. ఒక గంట మోగకుండా ఉండమని దాన్ని కన్విన్స్ చెయ్యి.

పీటక్క అని ఉండేది. నువ్వు చూడలేదు, మీ అమ్మ అప్పుడే పలక పట్టింది. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆపరేషన్ వార్డులో ఆయా. నలభై మంచాల వార్డు. మనిషి ఎంత బక్కపలచగా ఉండేదంటే, గట్టిగా తుమ్మితే కిటికీలోంచి ఎగిరిపోతుందేమోనని మేం తలుపులు వేసేవాళ్లం. చంకలో ఎప్పుడూ ఒక చిన్న చెక్కపీట. మంత్రసాని ముందు ఆ పీటను బయటికి లాగి, తర్వాత ఈవిడను లాగిందని అందరూ చెప్పుకునేవాళ్లు. సరేలే, నేను చెప్పేదాన్ని, అందరూ నవ్వేవాళ్లు. ఆ పీట ఎందుకంటే, డాక్టర్లు వచ్చి మంచం పక్కన తాటిచెట్లలా నిలబడి మాట్లాడతారు కదా, పడుకున్నవాడికి వాళ్ల ముక్కురంధ్రాలు తప్ప ఇంకేం కనపడవు. అక్క అలా కాదు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంటే ఆవిడ తల రోగి దిండు కంటే కిందకి ఉండేది. ఒళ్లో తెల్లగుడ్డ పీలికలు పెట్టుకుని కట్లకోసం చుట్టలు చుడుతూ ఉండేది. కళ్లు గుడ్డ మీద, చెవి మనిషి మీద. ఆపరేషన్ మాట ఎత్తేది కాదు, నా మీద ఒట్టు. ఒక లారీ డ్రైవరు వచ్చాడు, కడుపులో గడ్డ, కత్తి అంటే భయం, "నన్ను ముట్టుకుంటే ఆస్పత్రి తగలబెడతా" అని అరిచేవాడు. అక్క వాడితో రెండు రోజులు టైర్ల గురించి మాట్లాడింది. ఏ టైరు ఎంత దూరం వస్తుంది, ఎండలో ఎందుకు పగులుతుంది, ముందు టైర్లు ఎందుకు తొందరగా అరిగిపోతాయి. మూడో రోజు పొద్దున వాడే, "అక్కా, ఇంతకీ కోసేటప్పుడు తెలుస్తుందా?" అన్నాడు. అప్పుడు లేచి డాక్టరు దగ్గరికెళ్లి, "అడుగుతున్నాడు బాబూ, వచ్చి చెప్పండి" అంది. అంతే ఆవిడ పని.

అది సగమే. రెండో సగం విను, నీ పుస్తకంలో లేనిది అదే. ఒక పెద్దాయన ఉండేవాడు, బడిలో లెక్కలు చెప్పి రిటైరయినవాడు. వద్దన్నాడు. అక్క మూడు రోజులు కూర్చుంది, మూడు రోజులూ వద్దన్నాడు, కోపంగా కాదు, భయంతో కాదు, లెక్క చేసి చూసుకున్నట్టు వద్దన్నాడు. అక్క డాక్టరు దగ్గరికెళ్లి, "ఈయన కాదంటున్నాడు బాబూ. తెలిసే అంటున్నాడు. ఇంక నేను అడగను" అంది. డాక్టరు వార్డు కప్పు లేచిపోయేలా అరిచాడు. అరిచి వదిలేశాడు. ఆ సంగతి నలభై మంచాలకూ పాకింది. పీటక్క మన 'కాదు'ని కూడా మోసుకెళ్తుందట అని. అందుకే ఆవిడ ముందు నోరు విప్పేవాళ్లు. ఆవిడ అవునంటుందంటే అది అవునే అని డాక్టర్లకీ నమ్మకం, రోగులకీ నమ్మకం. ఆవిడకున్న ఆస్తల్లా అదే, చంకలో పీట, ఆ నమ్మకం. మొగుడూ లేడు, పిల్లలూ లేరు.

అలా నడుస్తున్న ఆస్పత్రిలోకి ఊడిపడ్డాడు ఇస్త్రీసారు. కొత్త సూపరింటెండెంటు. ఆయన ప్యాంట్లు ఇస్త్రీ చేసింది నేనే కాబట్టి చెప్తున్నాను, ఆ మడత గీత మీద ఈగ వాలితే రెండు ముక్కలై పడేది. ఉన్నమాట చెప్పాలి, లంచం ముట్టేవాడు కాదు, పొద్దున ఏడుకల్లా వచ్చేవాడు, మరుగుదొడ్లు కడిగించాడు. చెడ్డవాడైనా బాగుండేది, ఇన్నేళ్లూ హాయిగా తిట్టుకునేదాన్ని. వచ్చిన వారానికి మీటింగు పెట్టాడు. డాక్టర్లు ముందు, సిస్టర్లు వెనక, మేము గోడవారన. "మన ఆస్పత్రిలో పదిమందికి ఆపరేషన్ కావాలంటే ఆరుగురే చేయించుకుంటున్నారు. ఎందుకని? మనం కన్విన్స్ చెయ్యడం లేదు. ఇక నుంచి వంద శాతం కన్విన్స్ చెయ్యాలి." పీటక్క లేచింది. "సారూ, ఆ మాటకి అర్థం ఏంటండీ?" "ఒప్పించడమమ్మా." "ఒప్పుకోకపోతేనండీ?" "ఒప్పుకునేదాకా చెప్పాలి. అదే కన్విన్స్ అంటే." "మరి వాళ్లు చెప్పేది ఎప్పుడు వినాలండీ?" అందరూ నవ్వారు. సారూ నవ్వాడు. నేనూ నవ్వాను, అక్క జోకేసిందనుకుని. నవ్వనిది అక్క ఒక్కతే.

మర్నాటి నుంచి రిజిస్టరు. ఇంతెత్తు ఉండేది, దిండు కింద పెట్టుకుంటే మెడ విరుగుతుంది. మంచం నంబరు, జబ్బు పేరు, కన్విన్స్ అయ్యాడా, ఎవరు చేశారు. రాసే పని ఒక సిస్టరుకిచ్చాడు. పాపం ఆ పిల్లకి నలభైమందికి సూదులెయ్యడానికే తీరదు, ఇంక నలభై గళ్లు ఎప్పుడు నింపుతుంది? ఒకటో మంచం దగ్గర ముత్యాల్లాంటి అక్షరాలతో 'కన్విన్స్‌డ్' అని రాసేది. కింద ముప్ఫై తొమ్మిదింటికీ చిన్నచిన్న గీతలు రెండేసి, పైదే కిందదీ అని. మేం డిట్టో సిస్టరు అని పేరు పెట్టాం. పద్నాలుగో నంబరు మంచానికి కాలు విరిగితే మనిషిని తీసేశారు. దాని మీద మా లాండ్రీ వాళ్లం చిరిగిన దిండ్లు పేర్చుకున్నాం. ఆ పద్నాలుగుకీ రెండు గీతలు. మూడు వారాలు వరసగా మా దిండ్లు ఆపరేషన్‌కి ఒప్పుకుంటూనే ఉన్నాయి. సోమవారం సోమవారం సారు ఆ పుస్తకం తెరిచి, "చూశారా, వంద శాతం" అని చప్పట్లు కొట్టేవాడు. నవ్వకు. నవ్వులాటగానే ఉంటుంది, నీ బొటనవేలు కానంతవరకు.

ఇరవైరెండో నంబరు మంచానికి ఒక టైలరు వచ్చాడు. కుడిచేతి బొటనవేల్లో మిషను సూది విరిగింది. స్కూలు యూనిఫారాలు ఒప్పుకున్నాడట, ఆగే తీరిక లేదు, పాతగుడ్డ చుట్టేసి పదిరోజులు అలాగే కుట్టాడు. వచ్చేసరికి ఆ వేలు గుమ్మడికాయంత. సరే, వంకాయంత, గుత్తివంకాయ కాదు, పెద్ద వంకాయ. చిన్న డాక్టరు చూసి, వేలు మొదలంటా తీసెయ్యాలి, ఆలస్యమైతే విషం చేతికి పాకుతుంది అన్నాడు. ఆ అబ్బాయి చెప్పింది నిజమే, అందులో నేను వంక పెట్టను. టైలరు ఏమన్నాడంటే, "కత్తెర పట్టుకునే వేలండీ ఇది. మా ఆవిడ పుట్టింటికెళ్లింది, కబురు చేశాను, ఎల్లుండి పొద్దున రైలుకి వస్తుంది. ఆమెతో మాట్లాడి చెప్తాను." అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పీటక్క సాయంత్రమంతా పక్కన కూర్చుంటే ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. అక్క వెళ్లి సిస్టరుతో, "ఇరవైరెండు ఇవాళ్టికి కాదంటున్నాడు. అలాగే రాసుకో" అంది. ఆ పిల్ల రిజిస్టరు అటు తిప్పి ఇటు తిప్పి, "కాదు అనేదానికి ఇందులో గడి లేదక్కా" అంది. విన్నావా? ఇంతెత్తు పుస్తకం, దేశంలో ఉన్న చెట్లన్నీ కొట్టి చేసినంత పుస్తకం, అందులో కాదు అనడానికి చోటు లేదు.

మర్నాడు పొద్దున కొత్త దుప్పట్లు వచ్చాయి. మంచానికొకటి ఇచ్చి, ముట్టినట్టు వేలిముద్ర తీసుకోవాలి. డిట్టో సిస్టరు పని తగ్గించుకుందామని దుప్పటి కాగితం కిందే ఆపరేషన్ కాగితం కూడా అట్టకి తగిలించుకుని బయల్దేరింది. "దుప్పటి ముట్టినట్టు ఇక్కడ వెయ్యండి. కింద దాని మీద కూడా ఒకటి." అందరూ వేశారు. దుప్పటి బాగుందని ఒకాయన మూడు వేశాడు. టైలరు ఎడమచేతి వేలు వేశాడు, కుడిది కట్టులో ఉంది కదా. దొంగబుద్ధితో చేసింది కాదు ఆ పిల్ల, అప్పటికి రెండు రాత్రులు డ్యూటీ చేసి కళ్లు మూతలు పడుతున్నాయి. కానీ కాగితం కాగితమే. పదకొండు గంటలకి ఇద్దరు మనుషులు తోపుడు మంచం తెచ్చి టైలర్ని ఎక్కించారు. "ఎక్కడికి బాబూ, ఎక్స్‌రే ఫొటో తియ్యడానికా?" అని అడిగాడట. వాళ్లు తోసుకుంటూ పోయారట. అప్పుడు పీటక్క స్టోర్లో గుడ్డలు తేవడానికెళ్లింది. వచ్చి చూస్తే ఇరవైరెండులో కొత్త దుప్పటి ఉంది, మనిషి లేడు.

ఆ తర్వాతది నేను కళ్లారా చూశాను, ఉతికిన గుడ్డలు ఇవ్వడానికి థియేటరు గుమ్మం దగ్గరే ఉన్నాను. వరండా అటు చివర నుంచి అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. తోపుడు మంచాన్ని దాటి, థియేటరు తలుపుకి అడ్డంగా పీట వేసి, కూర్చుంది. అరవలేదు, కొంగు బిగించలేదు, కూర్చుందంతే. తోసేవాళ్లు తెల్లమొహాలేశారు. కబురెళ్లింది, ఇస్త్రీసారు వచ్చాడు. "లేమ్మా, దారి వదులు. అతను కన్విన్స్ అయ్యాడు." "ఎవరితో మాట్లాడాడండీ?" "రిజిస్టర్లో ఉంది." "రిజిస్టర్లో పద్నాలుగో మంచం మీది దిండ్లు కూడా ఉన్నాయి సారూ. వాటిది మూడు వారాల నుంచి ఆగిపోయింది, ముందు వాటికి కానివ్వండి." నాకు నవ్వాగక చేతిలో ఉన్న గుడ్డల్లో మొహం దాచుకున్నాను. సారు మొహం చూస్తే మాత్రం, దాని మీద నీళ్ల గిన్నె పెడితే కాగిపోయేలా ఉంది. చిన్న డాక్టరు బయటికొచ్చి, "నీకు తెలీదమ్మా, రేపటిదాకా ఆగితే మణికట్టు దాకా పోవచ్చు" అన్నాడు. "మీరు చెప్పింది నిజమని నాకు తెలుసు బాబూ. ఆయనకి తెలియాలిగా. చెయ్యి ఆయనది. ఒక్క గంట ఇవ్వండి." "గంటలో కన్విన్స్ చేస్తావా?" అన్నాడు సారు, చేతిగడియారం చూసుకుంటూ. "లేదండీ. అడుగుతాను."

పీట తీసుకుని తోపుడు మంచం పక్కన వేసుకుంది. టైలరుకి ఇప్పుడు అర్థమైంది, ఎక్కడికి తీసుకెళ్తున్నారో. అక్క ఆ మాటే ఎత్తలేదు. నడుముకి దోపుకున్న కత్తెర తీసి, ఒళ్లో గుడ్డ పరుచుకుని పీలికలు కత్తిరించడం మొదలెట్టింది. ఎంత వంకరగా కత్తిరించిందంటే, ఆ వంకర చూస్తే పాముకి కళ్లు తిరుగుతాయి. మేమంతా నిలబడి చూస్తున్నాం, సారు గడియారం చూస్తున్నాడు, ఈవిడ గుడ్డ కత్తిరిస్తోంది. ఒకటి, రెండు, మూడు పీలికలు. పనివాడు కదా, ఎంతసేపని ఊరుకుంటాడు? "ఏంటక్కా ఆ కోత, ఎలక కొరికినట్టు?" అన్నాడు. "నాకెవరు నేర్పారు? నువ్వు నేర్పు" అని కత్తెర చేతికిచ్చింది. ముందు ఎడమచేత్తో పట్టాడు, కుదరలేదు. కుడిచేతికి మార్చుకున్నాడు. బొటనవేలు కట్టులో ఉంది. చూపుడువేలు ఒక కన్నంలో, మధ్యవేలు ఇంకో కన్నంలో దూర్చి, పళ్లు బిగపట్టి, కత్తిరించాడు. వంకరపోయింది. మళ్లీ కత్తిరించాడు. కొంచెం తక్కువ వంకర. మూడోది సగంలో ఆపి, ఆ గుడ్డని ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇంతకంటే తిన్నగా వస్తుందంటావా?" అన్నాడు. మనమైతే ఏమంటాం? వస్తుంది నాయనా, ఎందుకు రాదు, బ్రహ్మాండంగా వస్తుంది అంటాం. అక్క ఏమందో తెలుసా? "నాకు తెలీదయ్యా. కోసేవాడివి నువ్వు." అతని కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే అక్క తుడవలేదు, చూడనట్టు గుడ్డ చుట్టుకుంటూ కూర్చుంది. చివరికి అతనే, "డాక్టరుబాబుని ఒక మాట అడగాలి" అన్నాడు. ఆ చిన్న డాక్టరు వచ్చి, ఏమనిపించిందో ఏమో, గొంతుక్కూర్చున్నాడు. డాక్టరు మొహం ఆ ఎత్తులో చూడ్డం మాకు అదే మొదటిసారి. "బాబూ, ఇవాళయితే మిగతా నాలుగు వేళ్లూ ఉంటాయా?" "ఉంటాయి." "రేపయితే?" "చెప్పలేను." "అయితే కానివ్వండి. కానీ మా ఆవిడకి నేనే చెప్తాను. నాకంటే ముందు ఎవరూ చెప్పొద్దు." గంట కూడా పట్టలేదు.

మర్నాడు ఆ ఇల్లాలు వచ్చింది. సరాసరి పీటక్క దగ్గరికొచ్చి, "ఆయన ఒప్పుకున్నారా, మీరు ఒప్పించారా?" అనడిగింది. చూశావా, చదువు లేని మనిషి, ఎంత సూటిగా అడిగిందో. "ఆయన్నే అడుగమ్మా" అంది అక్క. అతను కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "నేనే కానిమ్మన్నానే" అన్నాడు. ఆమె ఏడ్చింది, బాగా ఏడ్చింది, కానీ ఎవరి మీదా ఏడవలేదు. తర్వాత అతను పదివేల చొక్కాలు కుట్టాడు. లెక్కపెట్టలేదులే, కుట్టాడని మాత్రం తెలుసు, మీ తాతయ్యకి రెండు నేనే కుట్టించాను, కాలరు కొంచెం పక్కకి లాగేది. ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు, ఆ రోజు ఆస్పత్రిలో అందరూ అన్నదే. ఎలాగూ వేలు పోయేదే కదా, దానికి అంత రాద్ధాంతం ఎందుకు, గంట ముందైతే ఏంటి, వెనకైతే ఏంటి అని. అనలేదా? సరే, అనుకోకు కూడా. ఆ మాట విన్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నీ వేలు నువ్వు ఇవ్వడం వేరు, దుప్పటితో పాటు లాక్కోవడం వేరు. ఇది చెప్పడానికి పుస్తకం కావాలా?

ఇంక రిజిస్టరు సంగతి విను, ఇంకా మండుతుంది. ఆ రోజు ఇరవైరెండుకి ఎదురుగా ఏం రాశారు? 'కన్విన్స్‌డ్.' ఎవరు చేశారు అనే గడిలో సూపరింటెండెంటు. స్వదస్తూరీతో రాసుకున్నాడు మహానుభావుడు. పీటక్కకి కాగితం వచ్చింది, ఆపరేషన్‌కి ఆటంకం కలిగించినందుకు వార్డు నుంచి తీసి లాండ్రీలో వేశాం అని. అలా వచ్చింది నా పక్కకి. మాది పెద్ద రేకుల షెడ్డు, మూడు బాయిలర్లు, ఆ ఆవిరిలో పొద్దున లోపలికెళ్లినవాళ్లం సాయంత్రానికి ఉడికి వచ్చేవాళ్లం. అక్క పీట ఒక మూలన పెట్టి, దుప్పటి ఒక కొస నేను, ఒక కొస తను పట్టుకుని మడతలు పెట్టేవాళ్లం. ఏడాది పెట్టాం అలా. ఒక్కనాడు కూడా సార్ని తిట్టలేదు. ఆవిడ వాటా కూడా నేనే తిట్టేదాన్ని.

అక్కడ వార్డులో ఏమైందంటే, రోగులు పారిపోవడం మొదలెట్టారు. రేపు ఎవరెవరు పస్తుండాలో సిస్టరు చదవడం ఆలస్యం, పొద్దునకి మంచాలు ఖాళీ. ఒకడైతే సెలైను స్టాండుతో సహా బస్సెక్కాడు, కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. ఇస్త్రీసారుకి పైనుంచి అక్షింతలు పడ్డాయి. ఒకరోజు స్వయంగా మా షెడ్డుకి వచ్చాడు. "కూర్చోండి సారూ" అని అక్క గుడ్డల మూట చూపించింది. ప్యాంటు మడత నలుగుతుందని కూర్చోలేదు. నిలబడే అరగంట మాట్లాడాడు, బాధ్యత అన్నాడు, సేవ అన్నాడు, జరిగిందేదో జరిగింది అన్నాడు. మేం మడతలు పెడుతూనే ఉన్నాం. అయ్యాక అక్క, "చెప్పడం అయిందాండీ? ఇప్పుడు నన్నేమన్నా అడుగుతారా?" అంది. ఏం అడగాలో ఆయనకి తోచలేదు. నిజంగా తోచలేదు, పాపం, వెతుక్కున్నాడు. ఎలా ఉన్నావు ఇక్కడ, ఏం జరిగింది ఆ రోజు, ఏం కావాలి నీకు, ఇలాంటివి కోటి ఉన్నాయి. ఒక్కటీ రాలేదు ఆ నోటికి. వెళ్లిపోయాడు.

తర్వాత... ఇది రాసుకోకు. నన్ను పిలిపించాడు. తన గదికి. కుర్చీ వేయించాడు, ఆ ఆస్పత్రిలో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. "ఆమెకి నువ్వు దగ్గరిదానివి. నువ్వు చెప్తే వింటుంది" అన్నాడు. అప్పుడు మీ మామయ్య కడుపులో, ఏడో నెల. "ఆ బాయిలర్ల దగ్గర నీకు మంచిది కాదు, పైన గుడ్డల గదిలో మనిషి కావాలి, అక్కడ ఫ్యానుంది" అన్నాడు. ఇది చేస్తే అది ఇస్తానని అనలేదు. పక్కపక్కన పెట్టాడంతే, రెండు మాటలూ. నేను కూడా పక్కపక్కనే పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు అక్క పీట మీద నేను కూర్చున్నాను. కడుపు బరువుగా ఉందక్కా అన్నాను, మూట మీద తను కూర్చుంది, నాకంటే ఎత్తులో. ఒళ్లో చిరిగిన గుడ్డలు పెట్టుకుని చుట్టలు చుడుతూ వార్డు కబుర్లు అడిగాను. ఆ లారీ డ్రైవరు మళ్లీ కనిపించాడా, ఆ లెక్కల మాస్టారు ఎన్నాళ్లు బతికాడు. వెళ్లమని ఒక్క మాట అనలేదు. రెండు రోజులు. మూడో రోజు తనే అడిగింది. "నేను మళ్లీ వార్డుకి వెళ్లాలని నీకుందా?" "ఉందక్కా." "నీకేనా, ఇంకెవరికైనానా?" "నాకే" అన్నాను.

వెళ్లింది. నేను ఫ్యాను కిందకి వెళ్లాను. సారు ఎంత పొంగిపోయాడంటే, పెద్దరికం ఇస్తున్నానని చెప్పి ఆ రిజిస్టరు తీసుకెళ్లి ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఒక చంకలో పీట, ఒక చంకలో ఆ పుస్తకం. కాదు అనేదానికి గడి నేనే గీసుకుంటాలే అంది అక్క, గీసింది కూడా, స్కేలు పెట్టి. కానీ ఆ గడి రోగులకి కనపడదు కదా, పుస్తకం కనపడుతుంది. పీట వేసుకుని కూర్చోకముందే వాళ్లు చెయ్యి చాపి, "ఎక్కడ వెయ్యాలి వేలిముద్ర?" అనేవాళ్లట. టైర్ల గురించి అడిగితే, బదులు చెప్పకుండా అనుమానంగా చూసేవాళ్లట. మూణ్ణెల్లు చూసింది. ఒక మధ్యాహ్నం మెట్లెక్కి నా గుడ్డల గదికొచ్చింది, ఆయాసపడుతూ. నేను దిండుగలీబులు సర్దుతున్నాను. "ఏమే, ఆ రోజు నన్ను వార్డుకి పంపమని నీకెవరన్నా చెప్పారా?" అంది. కోపం లేదు గొంతులో. మామూలుగా, నిజంగా తెలుసుకోవాలని అడిగింది, రోగిని అడిగినట్టే. "లేదక్కా" అన్నాను. "సరే" అంది. నాతో పాటు నాలుగు గలీబులు సర్దింది. కిందకెళ్లి రిజిస్టరు బల్ల మీద పెట్టి, పనిలోంచి తప్పుకుంటున్నానని చెప్పేసి వెళ్లిపోయింది. రెండేళ్లు బతికిందట తర్వాత, చెల్లెలింట్లో. నేను వెళ్లి చూడలేదు.

నా మాట నమ్మిందనే అనుకుంటాను. ఎవరేం చెప్తే అది నమ్మేది కదా, అడిగి మరీ నమ్మేది...

ఏంటలా చూస్తావు? లే, నీళ్లు వచ్చే వేళయింది, బకెట్లు కుళాయి కింద పెట్టు.